కొండపాకలో ఒక పూట

మా కాలేజీలో యీ మధ్య ఒక కొత్త ముచ్చట బయలుదేరింది. వృద్ధాప్యానికీ సాంకేతిక విజ్ఞానానికీ జత కుదిర్చి ఒక చిన్న పరిశోధన కేంద్రం పెట్టాలని. అనుకున్నదే తడవుగా దానికొక నాయకత్వ సంఘం కూడా తయారయింది. కంప్యూటర్ల శాఖ వారొకరు, ఎలక్ట్రానిక్స్ వారొకరు, లెక్కలు కట్టేందుకు గణాంక శాస్త్రం వారొకరు, డబ్బు చూసేందుకు కామర్సు వారొకరు. అయిదో పేరు నాది. తెలుగు ఎమ్మే చదివి ఇరవైయేళ్లుగా పాఠాలు చెప్పుకుంటున్నవాడికి ఇందులో ఏం పని అని నేనడగబోయేంతలో మా ప్రిన్సిపాలుగారే సందేహం తీర్చేశారు.

"ఆహ్వాన పత్రికలు తెలుగులో వెయ్యాలి గదండీ!"

ఇంటికొచ్చి యీ వార్త కాస్త గొప్పగానే చెప్పాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "దేశంలో పెద్దవాళ్ల సంగతి తరవాత చూద్దురుగాని, ముందు అత్తమ్మ సంగతి తేల్చండి" అంది.

ఆ మాట నిజమే. మా అమ్మకు డెబ్భైయెనిమిది. నాన్న పోయి నాలుగేళ్లయింది. జనగామ దగ్గర మా ఊళ్లో ఒక్కతే వుంటుంది. మొన్న శ్రావణంలో తెల్లవారుజామున పెరట్లో జారిపడింది. పక్కింటి పిల్ల చూసింది గనక సరిపోయింది. నేను కొనిచ్చిన సెల్‌ఫోను అప్పుడెక్కడుందయ్యా అంటే, పోకుండా భద్రంగా వుండాలని సంచీలో పెట్టి గోడ మేకుకు తగిలించి వుంది! హైదరాబాదులో మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మ వస్తే దిగలేదు, మేం వెళితే పిల్లల చదువులు సాగవు.

ఇలా వుండగా సహోద్యోగి ఒకాయన, "కొండపాకలో వృద్ధాశ్రమం వుంది, ఒకసారి చూసి రాకూడదూ? మన కేంద్రానికీ పనికొస్తుంది" అన్నాడు. కేంద్రం పని సరే. నా మనసులో ఇంకో పని కూడా మెదిలింది. అది మాత్రం మా ఆవిడతో కూడా చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే జూబిలీ బస్‌స్టేషన్‌లో సిద్ధిపేట బస్సెక్కాను. 2023 డిసెంబరు నించీ ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం గదా, ముసలమ్మలు ఇప్పుడు ధైర్యంగా ఊళ్లు తిరుగుతున్నారు. ఒకరు కూతుర్ని చూడ్డానికి, ఒకరు కొమురవెల్లి మల్లన్నకు మొక్కు తీర్చడానికి. కండక్టరు ఆధార్ కార్డు అడిగితే, కొంగుముడి విప్పి తీసి చూపించే వాళ్ల ముఖాల్లో వెలుగు చూడాలి. చంటిపిల్లను చూపించినట్టు చూపిస్తారు.

నా పక్కనున్న అవ్వ ఒక మందుబిళ్లల అట్ట నా చేతికిచ్చి, "బిడ్డా, గీ గోలీలు ఇంక పనికొస్తయా, దినాలు దాటినయా జెర సూడు" అంది.

నేను దగ్గరగా పెట్టి చూశాను. దూరంగా పెట్టి చూశాను. చెయ్యి చాచగలిగినంతా చాచాను. అక్షరాలు చీమల బారులాగా వున్నాయి తప్ప చదువు రాలేదు.

"నీగ్గూడ అస్తలేదా?" అని అవ్వ నవ్వింది. చివరికి ముందు సీటాయన కళ్లజోడు అరువు తీసుకుని ఇద్దరం గట్టెక్కాం. బిళ్లలకింకా ఎనిమిది నెలల ఆయుర్దాయం వుంది.

సిగ్గుపడుతూ కూర్చుని ఆలోచించాను. యీ జబ్బుకు మనవాళ్లు పెట్టిన పేరు చత్వారం. సంస్కృతంలో నలభైని చత్వారింశత్తు అంటారు. ఆ మాటలో నించి వచ్చింది చత్వారం. హిందూస్తానీ చాలీసు నించి వచ్చిన చాళేశం కూడా అదే అర్థం. నలభై దాటేసరికి కంటిలోని కటకం బిగిసిపోయి దగ్గర చూపు ఆనదు. అంటే వృద్ధాప్యం ఎక్కడో డెబ్భైలో కూర్చుని మనకోసం ఎదురుచూడ్డం లేదు. నలభయ్యో ఏటనే వచ్చి తలుపు తట్టి పేరు కూడా చెప్పింది. మనమే తలుపు తియ్యకుండా కూర్చున్నాం.

శామీర్‌పేట, ప్రజ్ఞాపూరు, కుకునూరుపల్లి దాటాయి. రాజీవ్ రహదారి మీద బస్సు బాణంలా పోతోంది. వెలికట్ట అడ్డరోడ్డు దగ్గర దిగి, ఆటోలో కొండపాక చేరాను. ఒకప్పుడు మెదక్ జిల్లా. 2016 అక్టోబరులో సిద్ధిపేట జిల్లా ఏర్పడ్డాక దానిలో చేరింది. జిల్లా కలెక్టరు కచేరీ భవనాలు యీ పక్కనే దుద్దెడలో 2021లో వెలిశాయి. ఊళ్లో కాకతీయుల నాటి రుద్రేశ్వరాలయం వుంది. ఎన్నో తరాల వానకూ ఎండకూ ఓర్చుకున్న ఆ రాతి స్తంభాల నీడలో కాసేపు నిలబడితే, మన నలభైలూ డెబ్భైలూ ఏపాటివి అనిపిస్తుంది.

యీ చుట్టుపక్కల నేల పోలికే మారిపోయింది. 50 టీయెంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమయింది. మెట్టభూములకు నీళ్లొచ్చాయి. అయితే ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ వంటి ఊళ్లు ఆ నీళ్లలో కలిసిపోయాయి. వయసులో వున్నవాళ్లు గజ్వేల్ దగ్గర కొత్త కాలనీలో కొత్త బతుకు మొదలుపెట్టగలరు. అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతి మనిషీ పలకరించే ఊరు పోగొట్టుకున్న ముసలివాళ్లకు ఆ అరుగును ఏ ఇంజనీరు కట్టివ్వాలి?

ఊళ్లో చెట్టు కింద ఒక అవ్వ కూర్చుని వుంది. పుట్టిల్లు దుబ్బాకట. చిన్నప్పటి నించీ బీడీలు చుట్టిన చేతులు. పింఛను సంగతి కదిపాను. 2014లో ఆసరా పింఛను వెయ్యి రూపాయలయింది, 2019లో 2016 రూపాయలయింది. "పైసలు అస్తయి బిడ్డా. గని యేలు పెడితే మిషను నన్ను గుర్తువట్టది. ఒక యేలు పెట్టు, ఇంకో యేలు పెట్టు అంటరు. పది యేళ్లయినంక, అవ్వా నువ్వు నువ్వు గావంటది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ చెయ్యి పట్టుకుని చూస్తే నవ్వు ఆగిపోయింది. వేళ్ల చివరలు గులకరాళ్లలాగా నున్నగా వున్నాయి. వయసు మళ్లాక చర్మం ఎండి, వేలి గీతలు చదునవుతాయి. యాభైయేళ్లు ఆకు చుట్టిన వేళ్లకు గీతలు అసలే మిగలవు. కష్టం చేసినవాళ్లను గుర్తుపట్టలేకపోవడం ఆ యంత్రం తప్పు కాదు. అలాటి వేళ్లను దగ్గర పెట్టుకుని దాన్ని పరీక్షించకపోవడం మనుషుల తప్పు. ఉద్యోగం చేసి రిటైరైన వారికి 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే పద్ధతి వచ్చింది. బతికేవున్నానని ఏటేటా వేలిముద్రతో రుజువు చేసుకోవచ్చు. అక్కడా యీ చిక్కే వచ్చి, 2021లో ముఖం చూసి గుర్తుపట్టే ఏర్పాటు కూడా చేశారు. ఏడేళ్లు పట్టింది.

ఆనంద నిలయం చేరేసరికి పదకొండయింది. భోజనాలకింకా వేళ కాలేదు. చెట్ల నీడలో నలుగురైదుగురు పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ఎనభై నాలుగేళ్లు. నేను తెలుగు లెక్చరర్నని తెలియగానే కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందు ఛందస్సులో ఒక చిన్న పరీక్ష పెట్టారు. ఎలాగో నెగ్గాను. తరవాత వచ్చిన పని అడిగారు. పరిశోధన కేంద్రం గురించి చెప్పాను.

"అయితే నా అనుభవం ఒకటి రాసుకోండి. మా అబ్బాయి బెంగుళూరులో నా గదిలో కెమెరా పెట్టించాడు. నేను పడిపోతే వాడి ఫోనులో తెలుస్తుందట. మంచివాడే, ప్రేమతోనే పెట్టాడు. ఆ కన్ను నన్ను పొద్దస్తమానం చూసేది. నాకు మాత్రం చూసేందుకు మనిషి లేడు. ఒకరోజు దానిమీద తువ్వాలు ఆరేశాను. సాయంత్రానికల్లా అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం."

అందరూ పకపకా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"మీ సంఘంలో అరవై దాటినవాళ్లు ఎందరు?" అనడిగారు.

"ఎవరూ లేరండీ."

"పెళ్లికూతురు లేని పెళ్లిచూపులన్నమాట!"

నాకు జవాబు తోచలేదు. అయినా వాదించడం మేష్టర్ల వృత్తిధర్మం గదా, నేను చదివిన నాలుగు సంగతులూ ఏకరువు పెట్టాను. పాఠకులకు కూడా అవి చెప్పాలి.

యీ శాస్త్రం మనకు కొత్తది కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యులు పి.వి. రామమూర్తిగారు, ఆయన తరవాత ఆచార్య డి. జమునగారు వృద్ధాప్య పరిశోధన కేంద్రాన్ని నడిపించారు. భారతదేశంలో యీ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో రామమూర్తిగారొకరు. వాళ్లు యంత్రాలతో మొదలుపెట్టలేదు. పెద్దవాళ్ల మనసెలా వుంటుంది, వాళ్లను చూసుకునే కోడలి శ్రమ ఎంత అని ఇళ్లలోకి వెళ్లి అడిగారు.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో అరవై దాటినవారు నూటికి 8.6 మంది, అంటే పదికోట్ల పైమాట. 2050 నాటికి ఇది నూటికి దాదాపు 20 అవుతుందని అంచనా. ఆ రోజుకు మన సంగతి తెలుసుకోవాలని 2017-18లో దేశమంతటా నలభై అయిదు దాటిన డెబ్భైరెండు వేలమందికి పైగా ప్రశ్నలడిగి ఒక పెద్ద సర్వే చేశారు.

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1999లో జోసెఫ్ కాఫ్లిన్ అనే ఆయన ఏజ్‌ల్యాబ్ అనే సంస్థ పెట్టాడు. అక్కడొక విచిత్రమైన దుస్తు వుంది. అది తొడుక్కుంటే పాతికేళ్ల కుర్రాడి కీళ్లు బిగుసుకుని, చూపు మసకబారి, అడుగు తడబడుతుంది. ముసలితనం అంటే ఏమిటో వాడికి ఒళ్లు తెలిసి వస్తుంది. ఇక కెనడాలో 2015లో ఏజ్‌వెల్ అనే జాతీయ సంస్థ మొదలయింది. దాని తొలి నాయకులిద్దరిలో టొరంటోకు చెందిన అలెక్స్ మిహైలిడిస్ ఇంజనీరు. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ సిక్స్‌స్మిత్ వృద్ధాప్య శాస్త్రం చదివినవాడు. యంత్రం తెలిసినవాడొకడు, మనిషి తెలిసినవాడొకడు. అంతటితో ఆగక, పెద్దవాళ్లతోనూ వాళ్లను సాకేవాళ్లతోనూ ఒక సలహా సంఘం కూడా వేసుకున్నారు.

పంతులుగారు అన్నీ శ్రద్ధగా విని, "ఆ దుస్తు తొడుక్కుని విప్పేయొచ్చు. మాది విప్పడానికి లేదు. ఆ కెనడావాళ్లెవరో తెలివైనవాళ్లు. మమ్మల్నే కూర్చోబెట్టుకున్నారు" అన్నారు.

పక్కనున్న ఒక పెద్దమ్మ అంతదాకా మాట్లాడలేదు. ఇప్పుడు నోరు విప్పింది. "సారూ, ఫోన్ల మాట్లాడితే జవాబు జెప్పే మిషను అచ్చిందంట గదా? మా మనుమడు తెచ్చి మాట్లాడించిండు. నేను 'గాలి మర తిరుగుతలేదు' అంటే దానికి సమజ్ గాలే. నా బాస దానికి రాదా, దాని బాస నాకు రాదా?"

మా సంఘంలో నాకేం పని అని కాలేజీలో అడగబోయి ఊరుకున్న ప్రశ్నకు కొండపాకలో జవాబు దొరికింది. యంత్రానికి మనం నేర్పిన తెలుగు, పుస్తకాల తెలుగు. పెద్దమ్మ మాట్లాడేది బతికిన తెలుగు. మన భాషల్ని యంత్రాలకు నేర్పే పని హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల చాలాకాలంగా సాగుతోంది. అక్కడికి యీ పెద్దమ్మ గొంతు చేరాలి. చేర్చడానికి ఇంజనీరుతో పాటు తెలుగువాడు కూడా వుండాలి.

లేవబోతుంటే పంతులుగారు మెల్లిగా అడిగారు.

"మీరొచ్చింది కేంద్రం పనిమీదేనా?"

ముప్ఫై అయిదేళ్లు పిల్లల ముఖాలు చూసిన మనిషి. అబద్ధం ఆడలేకపోయాను. అమ్మ సంగతి చెప్పాను.

"ఆమెను అడిగారా?"

"లేదండీ. ముందు చూసి..."

"చూడండి, నేను నా ఇష్టంతో వచ్చాను. నాకిక్కడ హాయిగానే వుంది. ఎవరైనా అలాగే రావాలి. అన్నం ఒకటే, మంచం ఒకటే. అడిగి తెచ్చిన మనిషికీ అడక్కుండా తెచ్చిన మనిషికీ మాత్రం ఆ మంచం మీద నిద్ర ఒకటిగా పట్టదు."

నమస్కారం చేసి బయటపడ్డాను. కొండపాకలోనే పసిపిల్లల గుండెలకు ఖర్చు లేకుండా శస్త్రచికిత్స చేసే సత్యసాయి సంజీవని ఆసుపత్రి 2022లో వెలిసింది. ఆ దారిలో ఒక నాయనమ్మ బిడ్డను భుజాన వేసుకుని నిద్రపుచ్చుతూ పచార్లు చేస్తోంది. తల్లి పక్కనే కూలబడి కునుకు తీస్తోంది. రాత్రంతా మేలుకున్నట్టుంది. ముసలివాళ్లను ఎవరు చూసుకుంటారా అని మనం లెక్కలు వేస్తూ వుంటాం. ఆ లెక్కల్లో ముసలివాళ్లు చూసుకుంటున్నవాళ్లను మాత్రం కలపం.

ఆ మరుసటి వారమే ఊరికి వెళ్లాను. భోజనాలయ్యాక అమ్మతో అంతా చెప్పాను. కొండపాక చూసి వచ్చానని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు వక్క కొరుకుతూ కూర్చుంది.

"మంచి జాగనే గావచ్చు కొడుకా. గని నన్నెందుకు పడ్డవని నువ్వు అడగనే లేదు."

"జారి పడ్డావు గదమ్మా?"

"జారలే. గడప కనిపియ్యలే. రెండేండ్ల సంది పొగ కమ్మినట్టుంటది. వారపత్రికల కథ సదువుడు గూడ బందువెట్టిన. నువ్వు పరేశానయితవని చెప్పలే."

నేను మాట్లాడలేకపోయాను. సీరియలు కోసం పత్రిక ఎప్పుడొస్తుందా అని వాకిట్లో నిలబడే మనిషి మా అమ్మ. రెండేళ్లుగా పత్రిక అడగడం మానేస్తే, వయసుతో ఆసక్తి తగ్గిందనుకున్నాను! డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థవారు హైదరాబాదు చుట్టుపక్కల 41 వృద్ధాశ్రమాల్లో కళ్లు పరీక్షిస్తే, నూటికి దాదాపు 30 మందికి చూపు లోపం వుందట. అందులో చాలాభాగం శుక్లాల వల్లా, సరైన కళ్లజోడు లేకా వచ్చిందేనట. అంటే బాగు చెయ్యగలిగిందే. ఆ సంగతి చదివి, సంఘం కోసం నోట్సు కూడా రాసుకున్నాను. మా అమ్మ కళ్లలోకి మాత్రం చూడలేదు.

దసరా వెళ్లాక ఆపరేషను చేయించాం. పావుగంట పని. శుక్లం తీసేసి కంటిలో చిన్న కటకం పెట్టారు. దాని కథ కూడా చిత్రమైనదే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పు ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా, కన్ను వాటిని సహించిందని లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు గమనించాడు. 1949లో అలాటి పదార్థంతోనే కటకం చేసి మొదటిసారి మనిషి కంటిలో అమర్చాడు. యంత్రం పనికొచ్చేది ఎప్పుడంటే, అంతకుముందు ఒకరు మనిషిని జాగ్రత్తగా చూసినప్పుడు.

పెరట్లో పట్టుకోవడానికి ఒక ఇనుపకమ్మీ, గడప దగ్గర రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టించాను. ఫోను మేకు మీంచి అమ్మ మెళ్లోకి వచ్చింది. పెద్దలకోసం వున్న 14567 నంబరు కూడా గోడమీద పెద్ద అంకెల్లో రాశాను. ప్రస్తుతానికి ఊళ్లోనే వుంటానంది. తరవాతి సంగతి తరవాత అడుగుతానన్నాను. అడగకుండా ఏమీ చెయ్యనని మాటిచ్చాను.

మా సంఘం మళ్లీ కూడింది. కొండపాక పంతులుగారినీ, ఆ 'గాలి మర' పెద్దమ్మనూ సంఘంలో వేసుకుందామని ప్రతిపాదించాను. ప్రిన్సిపాలుగారు కాసేపు కలం అటూ ఇటూ తిప్పి, "వాళ్ల అర్హతలేమిటని రాయమంటారు?" అన్నారు. "వయసు" అన్నాను. నవ్వి, ఆలోచిద్దామన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. నేనింకా అడుగుతూనే వున్నాను.

ఈలోగా నాకప్పగించిన పని మాత్రం పూర్తిచేశాను. ఆహ్వాన పత్రిక అచ్చయింది. మొదటి ప్రతి పట్టుకెళ్లి అమ్మకిచ్చాను. కొత్త కళ్లజోడు సర్దుకుని మొదటినించి చివరిదాకా చదివి, నా ముఖంలోకి చూసింది.

"మంచిగ రాసినవు. గని అచ్చు యింత చిన్నగేసిండ్రేంది కొడుకా? ముసలోళ్ల సభకు రమ్మనుడు, ముసలోళ్లు సదవకుంట రాసుడా?"

పత్రికలన్నీ మళ్లీ అచ్చువెయ్యమని ఇచ్చాను. యీసారి అక్షరాలు పెద్దవి.